ఆయన పేరు ఇంట్లో వినబడనివ్వండి



ఈ పేజీలో నేను ఎప్పుడూ బి.పి. గురించో, బాలింతల ఆహారం గురించో, వానాకాలం జ్వరాల గురించో రాస్తుంటాను. ఈసారి రాస్తున్నది మందుల షాపులో మందు దొరకని బాధ గురించి. భార్యాపిల్లలే లోకంగా బ్రతికిన మనిషి, ఇంటిల్లిపాదీ ఇష్టపడే తండ్రి కన్నుమూశాక ఆ ఇంట్లో మిగిలినవాళ్ళ ఆరోగ్యానికి ఏమవుతుంది? ఏది మామూలు, ఏది కాదు? ఆయన్ను తలుచుకోవడం మంచిదా, మరిచిపోవడానికి ప్రయత్నించడం మంచిదా?

గుండె దడ, కడుపులో మంట, తల తిరుగుడు, నిద్ర లేమి అని ఓ.పి.కి వచ్చే ఆడవాళ్ళలో కొంతమందికి పరీక్షలన్నీ మామూలుగానే వస్తాయి. చీటీ చేతికిస్తూ "ఇంట్లో ఏమైనా జరిగిందా అమ్మా?" అని అడిగితే అప్పుడు కొంగు కళ్ళ మీదికి వెళుతుంది. "మా ఆయన పోయి నాలుగు నెలలైంది సిస్టర్" అంటారు. ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకుంటున్నారా అంటే, "పిల్లలు బాధపడతారని నేను ఆ మాట ఎత్తను. నేను బాధపడతానని వాళ్ళు ఎత్తరు" అంటారు. ముప్పై ఏళ్ళకు పైబడిన సర్వీసులో ఈ జవాబు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. అందుకని ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మిగతాది వివరిస్తాను.

మా ఇంటి సంగతి

2009 ఆగస్టులో మావారు గుండెపోటుతో పోయారు. ఆయనకు 46 ఏళ్ళు, నాకు 40. ఆర్టీసీలో డ్రైవరు. పెద్దబ్బాయికి పద్నాలుగేళ్ళు, చిన్నవాడికి ఆరు. ఆయనకు నైట్ అవుట్ డ్యూటీలు, నాకు నైట్ డ్యూటీలు. ఒకరు గుమ్మం దిగుతుంటే ఒకరు ఎక్కేవాళ్ళం. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కానీ నా యూనిఫాం చీరకు గంజి పెట్టి, మడత నలగకుండా ఇస్త్రీ చేసి, తలుపు వెనక మేకుకు తగిలించి డ్యూటీకి వెళ్ళేవారు. దారిలో బస్సు ఆగిన చోట అందరూ వేడి బజ్జీలు తింటుంటే ఆయన పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చేవారు. అవి మా దగ్గరికి వచ్చేసరికి చల్లారి మెత్తబడిపోయేవి. పిల్లలకు ఆ మెత్తబడిన బజ్జీలే ఇష్టం.

ఆయన పోయిన పన్నెండో రోజున నేను డ్యూటీలో చేరాను. అందరూ "సిస్టర్ గారు గుండె ధైర్యం గల మనిషి" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన చొక్కాలన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. గోడ మీద ఫోటో తీసి బీరువాలో బట్టల కింద పెట్టాను. పెద్దవాడిని పిలిచి, "తమ్ముడి ముందు నాన్న మాట ఎత్తకు, వాడు చిన్నవాడు, మెల్లగా మరిచిపోతాడు" అని చెప్పాను. లోపల చీము ఉండగా పైన కుట్లు వేయకూడదని ప్రొబేషనర్ నర్సుకు కూడా తెలుసు. నేను నా ఇంట్లో చేసింది సరిగ్గా అదే.

రెండు నెలలు తిరగకుండా చిన్నవాడు రాత్రిళ్ళు పడుకోవడం మానేశాడు. దీపం ఆర్పితే ఏడుపు. నేను కునుకు తీస్తే చాలు, భుజం పట్టి కుదిపి లేపేసేవాడు. పక్క తడిపేవాడు. బడిలో కడుపునొప్పి అని మధ్యాహ్నానికే ఇంటికి పంపేసేవారు. పిల్లల డాక్టరు గారికి చూపించాను. నులిపురుగుల మందు ఇచ్చారు, బలానికి టానిక్ ఇచ్చారు. ఏమీ తగ్గలేదు.

అప్పుడు మా వార్డులో పెద్ద వయసు ఆయా ఒకామె ఉండేది. నా డ్యూటీ అయ్యేవరకు వాడు ఆమె దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు ఆమె నా దగ్గరికి వచ్చి, "సిస్టరమ్మా, బాబుకి పురుగులూ లేవు, ఏమీ లేవు. నాన్న నిద్రపోయారని అందరూ అన్నారంట గదా. నిద్రపోయిన నాన్నని పెట్టెలో పెట్టి మేకులు కొట్టారు, అమ్మ నిద్రపోతే అమ్మని కూడా పెడతారేమోనని బిడ్డ కాపలా కాస్తన్నాడు" అంది.

"ప్రభువునందు నిద్రించిరి" అని మేమే కార్డు అచ్చు వేయించి పంచాము. వచ్చినవాళ్ళందరూ ఆ మాటే అన్నారు. పెద్దవాళ్ళకు ఆ మాట ఓదార్పు. ఆరేళ్ళ పిల్లవాడికి అది నిజంగా నిద్రే. నేను నర్సును, రోజూ ఎంతోమంది తల్లులకు పిల్లల పెంపకం గురించి చెప్పే మనిషిని, నా బిడ్డ రెండు నెలలుగా నన్ను కాపలా కాస్తున్నాడని గుర్తించలేకపోయాను.

ఆ రాత్రి వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాన్న నిద్రపోలేదు, చనిపోయారు. ఆయన గుండె ఆగిపోయింది. చనిపోయిన మనిషికి నొప్పి తెలియదు, చలి వేయదు, ఊపిరి ఆడదు. నిద్రపోయేవాళ్ళకు గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, తెల్లారి లేస్తారు. నా స్టెతస్కోపు వాడి చెవులకు పెట్టి ముందు వాడి గుండె, తర్వాత నా గుండె వినిపించాను. పెద్దవాడిది కూడా వింటానన్నాడు. నిద్రపోతున్న అన్న ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. వారం రోజుల పాటు ప్రతి రాత్రీ అదే పని. ఆ తర్వాత మెల్లగా నిద్ర కుదురుకుంది. బీరువాలోంచి ఫోటో తీసి మళ్ళీ గోడకు పెట్టాము.

పిల్లలకు ఎలా చెప్పాలి

సుమారు అయిదేళ్ళ లోపు పిల్లలకు చావు అంటే తిరిగి రాకపోవడం అని తెలియదు. అయిదు నుంచి ఏడేళ్ళ మధ్య కొంచెం కొంచెం అర్థమవుతుంది. తొమ్మిది పదేళ్ళకు అది అందరికీ వచ్చేదని, వెనక్కి మళ్ళేది కాదని తెలుస్తుంది. కాబట్టి చిన్నపిల్లలకు "నిద్రపోయారు", "ఊరెళ్ళారు", "దేవుడు తీసుకుపోయాడు" అని మాత్రమే చెప్పి వదిలేయకండి. ఊరెళ్ళారంటే రోజూ బస్సు వేళకు గుమ్మంలో కూర్చుంటారు. దేవుడు తీసుకుపోయాడంటే రేపు నన్ను కూడా తీసుకుపోతాడేమో అని భయపడతారు. మన విశ్వాసం ప్రకారం చెప్పవలసింది తప్పక చెప్పండి. దానికి ముందు "చనిపోయారు" అనే మాట, శరీరం పని చేయడం ఆగిపోయింది అనే సంగతి చెప్పండి.

పిల్లవాడు పది నిమిషాలు ఏడ్చి వెంటనే గోళీలాటకు పరుగెత్తితే, "వీడికి బాధే లేదు" అనుకోవద్దు. పిల్లల దుఃఖం అలాగే వచ్చి పోతుంటుంది. ఒకే ప్రశ్న ఇరవైసార్లు అడుగుతారు. ఇరవైసార్లూ అదే జవాబు ఓపికగా చెప్పండి. "నేను అల్లరి చేసినందుకే నాన్న చనిపోయాడా?" అనే అనుమానం చాలామంది పిల్లల మనసులో ఉంటుంది, పైకి అడగరు. మీరే ముందుగా, "నువ్వు చేసినదాని వల్ల గానీ, అన్నదాని వల్ల గానీ కాదు నాయనా" అని చెప్పండి.

ఇక పెద్ద కొడుకుల సంగతి. పరామర్శకు వచ్చిన ప్రతి పెద్దమనిషీ మా పెద్దవాడి వీపు మీద తట్టి, "ఇక ఇంటికి మగదిక్కువి నువ్వే, నువ్వు ఏడవకూడదు" అన్నారు. వాళ్ళు మంచికే అన్నారు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఆ రోజు నుంచి క్రికెట్ బ్యాటు ముట్టుకోలేదు. కరెంటు బిల్లు కట్టడం, రేషన్ తేవడం, తమ్ముడికి తల దువ్వడం. వాడు ఏడవగా నేను చూసింది సంవత్సరం తర్వాత. దయచేసి ఏ పిల్లవాడికీ ఈ మాట చెప్పకండి. లాజరు చనిపోయినప్పుడు ప్రభువే ఏడ్చినట్టు మనం చదువుతుంటాము కదా.

దుఃఖంలో శరీరానికి ఏమవుతుంది

1942 నవంబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే ఒక నైట్ క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయారు. ఎరిక్ లిండెమన్ అనే మానసిక వైద్యుడు ఆ ప్రమాదంలో అయినవాళ్ళను పోగొట్టుకున్నవారిని, ఇతరత్రా అదే దుఃఖంలో ఉన్నవారిని కలిపి 101 మందిని పరిశీలించి 1944లో ఒక వ్యాసం ప్రచురించారు. గొంతు బిగుసుకుపోవడం, ఊపిరి అందనట్టుండి పెద్ద పెద్ద నిట్టూర్పులు, కడుపులో ఖాళీగా ఉన్నట్టు అనిపించడం, ఒంట్లో సత్తువ లేకపోవడం. ఇవి ఒక్కొక్కసారి ఇరవై నిమిషాల నుంచి గంట వరకు అలలాగా వచ్చి పోతాయని రాశారు. మన ఓ.పి.లో "గొంతులో ఉండ అడ్డుపడినట్టుంది సిస్టర్, అన్నం ముద్ద దిగదు" అంటారు. దేశాలు వేరైనా శరీరం ఒకటే.

దుఃఖం వల్ల ఆడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు ఎక్కువగా విడుదలవుతాయి. వాటివల్ల బి.పి. పెరుగుతుంది, షుగర్ పెరుగుతుంది, నిద్ర చెడుతుంది. దీనికి తోడు, ఇంట్లో మనిషి పోయిన మొదటి పది పదిహేను రోజులూ ఎవరూ మందులు సరిగా వేసుకోరు. షుగర్ ఉన్న పెద్దావిడ అన్నం మానేసి ఇన్సులిన్ ఒక్కటే వేసుకుని స్పృహ తప్పి రావడం చూశాము. బి.పి. మాత్రలు మానేసి పక్షవాతంతో రావడమూ చూశాము. ఆ ఇంటికి వెళ్ళే బంధువులు చేయదగిన గొప్ప సహాయం ఒకటుంది. ఆమె మాత్రల డబ్బా ఎక్కడుందో కనుక్కుని, వేళకు నాలుగు ముద్దలు తినిపించి, మాత్ర మింగించండి.

గుండె సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1969లో ఇంగ్లండులో పార్క్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు భార్య చనిపోయిన 55 ఏళ్ళు పైబడిన 4,486 మంది మగవారి వివరాలు ప్రచురించారు. భార్య పోయిన మొదటి ఆరు నెలల్లో వారిలో మరణాలు ఆ వయసు వారిలో ఉండవలసిన దానికంటే 40 శాతం ఎక్కువగా ఉన్నాయి. అలా పెరిగిన మరణాలలో ఎక్కువ భాగం గుండెకు సంబంధించినవి. 2012లో అమెరికాలో గుండెపోటు వచ్చిన సుమారు రెండు వేల మందిని అడిగి చేసిన మరో పరిశీలనలో, ఆప్తులు పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజుల కంటే సుమారు 21 రెట్లు పెరుగుతుందని, తర్వాత రోజురోజుకూ తగ్గుతుందని తేలింది. అసలు అవకాశం తక్కువగా ఉన్న మనిషికి ఎన్ని రెట్లు పెరిగినా తక్కువే, కంగారు పడకండి. ఇదివరకే గుండె జబ్బు, బి.పి., షుగర్ ఉన్నవాళ్ళను మాత్రం ఆ రోజుల్లో ఒక కంట కనిపెట్టి ఉండాలి.

"గుండె పగిలింది" అనే మాటకు నిజంగానే ఒక జబ్బు ఉంది. 1990లో జపాను వైద్యులు దానికి టకోట్సుబో అని పేరు పెట్టారు. జపానులో ఆక్టోపస్ అనే సముద్ర జీవిని పట్టే కుండను అలా అంటారు. ఈ జబ్బులో గుండె ఎడమ గది కింది భాగం ఉబ్బి ఆ కుండ ఆకారంలోకి వస్తుంది. ఎక్కువగా ముట్లుడిగిన ఆడవారిలో, తీవ్రమైన దుఃఖం గానీ భయం గానీ కలిగిన తర్వాత వస్తుంది. నొప్పి, ఇ.సి.జి. రెండూ గుండెపోటు లాగే ఉంటాయి. ఆంజియోగ్రాం చేస్తే రక్తనాళాలలో ఆ గుండెపోటుకు తగ్గ అడ్డు కనబడదు. చాలామందికి కొన్ని వారాల్లో గుండె మళ్ళీ మామూలవుతుంది, కొద్దిమందికి ప్రమాదం కావచ్చు. ఇది గుండెపోటా, ఇదా అన్నది ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. ఛాతీ నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం ఉంటే "ఏడ్చి ఏడ్చి అలా అయింది, సోడా తాగించండి" అని కాలయాపన చేయకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకురండి.

చెప్పుల చప్పుడు

ఇది చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు, భయపడతారు. ఆయన వేళకు గేటు చప్పుడైనట్టుంటుంది. పేరు పెట్టి పిలిచినట్టుంటుంది. పక్కన కూర్చున్నట్టు అనిపిస్తుంది. మతి చెడిందేమోనని ఒక భయం. ఇంట్లో పెద్దవాళ్ళకు చెబితే దయ్యమంటారని, తాయెత్తు కట్టిస్తారని ఇంకో భయం.

1971లో రీస్ అనే డాక్టరు వేల్స్ దేశంలో తన ప్రాంతంలోని 293 మంది వితంతువులను, భార్యలు పోయినవారిని కలిసి అడిగితే, వారిలో దాదాపు సగం మంది ఇలాంటివి జరిగాయని చెప్పారు. చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. ఇది పిచ్చి కాదు. ఇరవై ఏళ్ళు ఒక మనిషి అడుగుల చప్పుడుకు అలవాటు పడిన చెవి వెంటనే ఆ అలవాటు మానుకోలేదు. నాకు చాలా నెలలు తెల్లవారుజామున ఇస్త్రీ పెట్టె వాసన వచ్చేది. లేచి చూస్తే చీర నలిగిపోయి కుర్చీ మీద ఉండేది.

ఎన్నాళ్ళు? ఎన్ని మెట్లు?

దుఃఖానికి అయిదు మెట్లు ఉంటాయని, నమ్మలేకపోవడం, కోపం, బేరమాడడం, కుంగిపోవడం, ఒప్పుకోవడం వరుసగా వస్తాయని మీరు విని ఉంటారు. మేము జి.ఎన్.ఎం. చదివేటప్పుడు దీన్ని బట్టీ పట్టి పరీక్షలో రాశాము. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టరమ్మ 1969లో రాసిన ఆ పుస్తకం అసలు మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి రాసినది. ఆ వరుస తప్పినవాళ్ళు తప్పు చేస్తున్నట్టు కాదు. నాకు కోపం అన్నిటికంటే చివర వచ్చింది.

ఇప్పటి పరిశోధకులు చెప్పేది నాకు ఎక్కువ నిజమనిపిస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషి రెండు ఒడ్ల మధ్య తిరుగుతుంటాడు. కాసేపు పోయినవారిని తలుచుకుని ఏడవడం, కాసేపు గ్యాసు బుక్ చేయడం, పిల్లల ఫీజు కట్టడం, నవ్వడం కూడా. రెండూ కావాలి. ఇంతకుముందు "పోయినవారితో బంధం తెంచుకుంటేనే కోలుకుంటారు" అని చెప్పేవారు. 1996 ప్రాంతంలో ఆ అభిప్రాయం మారడం మొదలైంది. బంధం తెగదు, రూపం మారుతుంది. ఫోటో, ఆయన కుర్చీ, ఆయన వంట, ఆయన సామెత, వీటి ద్వారా పిల్లలకు తండ్రితో సంబంధం కొనసాగుతూనే ఉంటుంది. అది కోలుకోవడానికి అడ్డు కాదు.

మరి ఎప్పుడు డాక్టరు దగ్గరికి రావాలి? చాలామందికి నెలలు గడిచేకొద్దీ దుఃఖపు అలల మధ్య ఎడం పెరుగుతుంది. ఆరు నెలలు, సంవత్సరం గడిచినా ప్రతిరోజూ మొదటి వారంలో ఉన్నట్టే ఉండి, ఇంటి పని, ఉద్యోగం, పిల్లలు ఏదీ పట్టకపోతే దాన్ని ఇప్పుడు వైద్యులు చికిత్స చేయదగిన సమస్యగా గుర్తించారు. 2022 నుంచి అది మానసిక వైద్య గ్రంథాలలో ప్రత్యేకంగా చేరింది. దానికి మాటల ద్వారా చేసే చికిత్స ఉంది. "నేను కూడా ఆయన దగ్గరికి పోతాను" అనే మాట మాత్రం ఏ రోజు వినబడినా ఆరు నెలలు ఆగకండి, ఆ రోజే తీసుకురండి, ఒంటరిగా వదలకండి. టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత ఫోను సేవ ఉంది, నంబరు 14416. ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో మగపిల్లలు తాగుడు మొదలుపెట్టినా, ఎవరైనా పక్కింటివాళ్ళ నిద్రమాత్రలు అడిగి వేసుకుంటున్నా అది కూడా దుఃఖం లక్షణమే అని గమనించండి.

పరామర్శకు వెళ్ళేవారికి

మూడో రోజు ఇల్లంతా జనం. మూడో నెలలో ఎవరూ ఉండరు. వీలైతే మూడో నెలలో వెళ్ళండి. "ధైర్యంగా ఉండు", "అంతా మన మంచికే", "నీకంటే కష్టంలో ఉన్నవాళ్ళున్నారు" అనే మాటలు చెప్పినవారికి తేలిక, విన్నవారికి బరువు. ఆయన గురించి మీకు తెలిసిన ఒక్క సంగతి చెప్పండి చాలు. మావారి డిపో నుంచి ఒక కండక్టరు నాలుగో నెలలో వచ్చారు. ఒకసారి రాత్రి సర్వీసులో నిండు గర్భిణికి నొప్పులు వస్తే, మావారు దారి మళ్ళించి బస్సును నేరుగా ఆసుపత్రి గేటు ముందు ఆపారట. ఆ తర్వాత డిపోలో సంజాయిషీ రాసిచ్చారట. ఇంట్లో నాకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు పిల్లలిద్దరూ ఆ కండక్టరు గారితో ఆ కథ మూడుసార్లు చెప్పించుకున్నారు.

జ్ఞాపకార్థ కూడికలలో కూడా ఇలాంటి చిన్న సంగతులకు చోటివ్వమని నా మనవి. "ఉత్తముడు, ప్రార్థనాపరుడు, అందరికీ సహాయపడినవాడు" అనే మాటలు ఎవరి గురించైనా చెప్పవచ్చు. చల్లారిన బజ్జీల పొట్లం ఒక్క ఆయనదే. నవంబరు 2న సమాధుల పండుగకు పిల్లలను కూడా వెంట తీసుకెళ్ళండి. సున్నం వేయనివ్వండి, కొవ్వొత్తి వెలిగించనివ్వండి. భయపడేవాళ్ళను బలవంతపెట్టకండి. మొదటి సంవత్సరంలో పెళ్ళిరోజు, పుట్టినరోజు, క్రిస్మస్ దగ్గర పడుతుంటే వారం ముందు నుంచే ఒంట్లో నలతగా ఉంటుంది. అప్పుడు ఏం చేయాలో ఇంటిల్లిపాదీ ముందే అనుకుని ఉంటే ఆ రోజు కొంత తేలికవుతుంది.

ఒక ముఖ్యమైన కాగితం గురించి కూడా చెప్పాలి. మరణాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించాలి. ఇంట్లో చనిపోయినవారి విషయంలో చాలామంది మరిచిపోతారు. బ్యాంకు, పెన్షను, ఇన్సూరెన్సు అన్నిటికీ ఆ సర్టిఫికెట్టే ఆధారం. ఆమెతో పాటు ఆఫీసుకు వెళ్ళి వరుసలో నిలబడే మనిషి ఒకరుంటే, అది పది పరామర్శల పెట్టు.

ఉన్నది ఉన్నట్టు తలుచుకోవడం

నాకు కోపం చివర వచ్చిందని చెప్పాను కదా. మావారికి బి.పి. ఉందని 2006లోనే తెలుసు. మాత్రలు రాశారు. నెలలో పది రోజులు వేసుకునేవారు, ఇరవై రోజులు మరిచిపోయేవారు. సిగరెట్టు మానేశానని నాకు చెప్పి, డిపోలో తాగేవారు. నేను రోజూ యాభై మందికి బి.పి. చూసి, ఇంటికి వచ్చి ఆయనది చూసేదాన్ని కాదు. దీపం కింద చీకటి. ఆయన మీద కోపం, నా మీద కోపం, రెండూ కలిసి నన్ను చాలాకాలం తిన్నాయి. చనిపోయిన మనిషి మీద కోపం వస్తే పాపమేమోనని ఆడవాళ్ళు లోలోపల కుమిలిపోతుంటారు. ప్రేమ ఉన్న చోటే ఆ కోపం వస్తుంది. ఎవరితోనైనా చెప్పుకోండి. నేను మా ఆయాతో చెప్పుకున్నాను.

ఆయనను దేవదూతగా చేసి చెబితే పిల్లలకు ఆయన దూరమైపోతారు. మాత్రలు ఎగ్గొట్టిన సంగతి కూడా కలిపి చెప్పాలనుకున్నాను. దీనికి ఆరోగ్యపరమైన కారణం కూడా ఉంది. తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ 55 ఏళ్ళ లోపు, తల్లికి గానీ అక్కచెల్లెళ్ళకు గానీ 65 ఏళ్ళ లోపు గుండెపోటు వచ్చి ఉంటే, మిగిలినవారికి ఆ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. చాలా ఇళ్ళలో నాన్న ఎందుకు పోయారో పిల్లలకు సరిగ్గా తెలియదు. "ఉన్నట్టుండి పోయారు" అంటారు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక డాక్టరు అడిగితే జవాబుండదు. ఆయన ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారో ఒక కాగితం మీద రాసి, ఆసుపత్రి రిపోర్టులతో పాటు దాచండి. పిల్లలకు ముప్పై ఏళ్ళు రాకముందే బి.పి., షుగర్, కొలెస్టరాల్ పరీక్షలు చేయించండి.

మా పెద్దవాడు కిందటి సంవత్సరం ఉద్యోగం చేసే చోట ఆరోగ్య పరీక్షకు వెళ్ళాడు. ఫారంలో "కుటుంబంలో ఎవరికైనా గుండె జబ్బు ఉందా" అన్న చోట, "నాన్న, 46 ఏళ్ళు, గుండెపోటు, బి.పి. మాత్రలు సరిగా వేసుకోలేదు, సిగరెట్టు" అని రాశాడట. ఆ డాక్టరు గారు చదివి నవ్వి, బి.పి. రెండుసార్లు చూశారట. 150/96 ఉంది. ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నాడు. రాత్రి భోజనం కాగానే తమ్ముడు హైదరాబాదు నుంచి వాడికి ఫోను చేసి, "వేసుకున్నావా లేదా? నాన్నలాగా చెప్పకు, మాత్రల షీటు ఫోటో తీసి పంపు" అంటాడు.